ఎవరి తరఫున? బ్రిటన్ యూదుల ‘బోర్డ్ ఆఫ్ డెప్యూటీస్’ రాజకీయం

గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్లెవరికైనా మాంటేగు పేరు తెలుసు. భారత వ్యవహారాల మంత్రిగా, భారతీయులకు బాధ్యతాయుత ప్రభుత్వాన్ని అంచెలంచెలుగా ఇస్తామని 1917 ఆగస్టు 20న బ్రిటిష్ పార్లమెంటులో ప్రకటించింది ఆయనే. ఆ ఏడాది చివర్లో మద్రాసు వచ్చినప్పుడు, ఆంధ్రులకు వేరే రాష్ట్రం కావాలని మనవాళ్లు విన్నవించుకున్నదీ ఆయనకే. పరీక్షల పుస్తకాల్లో కనిపించని సంగతి ఇంకొకటుంది. ఆ ప్రకటన చేసిన మూడు రోజులకే మాంటేగు తన సొంత ప్రభుత్వం మీద మండిపడుతూ ఒక అంతర్గత పత్రం రాశాడు. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడటానికి బ్రిటన్ మద్దతు ప్రకటించాలా వద్దా అని అప్పుడు మంత్రుల మధ్య చర్చ నడుస్తోంది. దానివల్ల యూదులకు మేలు జరగదు, కీడే జరుగుతుందని ఆయన వాదన. మీ దేశం అక్కడుందిగా, ఇక్కడ మీకేం పని అని ప్రతి దేశమూ తన యూదుల్ని బయటికి నెట్టే రోజు వస్తుందని భయపడ్డాడు. ఆ పత్రానికి పెట్టిన పేరే ‘ప్రస్తుత ప్రభుత్వపు యూదు వ్యతిరేకత’. ఆయన స్వయంగా యూదుడు.

ఆయన మాట ఒంటరి మాటేమీ కాదు. అంతకు మూడు నెలల ముందు, మే 24న, బ్రిటన్ యూదుల ప్రతినిధి సంస్థ అధ్యక్షుడు డేవిడ్ లిండో అలెగ్జాండర్, క్లాడ్ మాంటెఫియోరే అనే మరో పెద్దమనిషితో కలిసి ‘టైమ్స్’ పత్రికలో ఇంచుమించు ఇదే అర్థంతో లేఖ వేయించాడు. యూదులది మతబంధమే తప్ప వాళ్లు వేరే జాతి కారని, జియోనిజం (పాలస్తీనాలో యూదులకు సొంత నివాసం కావాలన్న ఉద్యమం) తమ పౌరసత్వానికే ఎసరు పెడుతుందని అందులో సారాంశం. సంస్థ సభ్యులు భగ్గుమన్నారు. మమ్మల్ని అడగకుండా మా పేరు మీద ఎలా రాస్తారని నిలదీశారు. జూన్ 17న ఓటింగు పెడితే 56–51 తేడాతో అభిశంసన నెగ్గింది. అలెగ్జాండర్ రాజీనామా చేసి వెళ్లిపోయాడు.

ఆ సంస్థే ‘బోర్డ్ ఆఫ్ డెప్యూటీస్ ఆఫ్ బ్రిటిష్ జ్యూస్’. అక్కడి యూదులు క్లుప్తంగా బోర్డ్ అంటారు. గాజా యుద్ధం మొదలయ్యాక ‘బ్రిటన్ యూదులు ఖండించారు’, ‘బ్రిటన్ యూదులు స్వాగతించారు’ అన్న వార్తలు మనదాకా వస్తున్నాయి కదా, చాలాసార్లు ఆ ‘బ్రిటన్ యూదులు’ ఈ బోర్డే. దీని గురించి రెండు మాటలు వినిపిస్తుంటాయి. సమాజం మొత్తానికీ ఇదే గొంతు అంటారు కొందరు. ప్రభుత్వాల్ని తెర వెనక నుంచి ఆడించే లాబీ అంటారు ఇంకొందరు. రెండూ తప్పే అని నా అభిప్రాయం. నిజానికి ఆ సంస్థ రాజకీయమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: మా తరఫున మాట్లాడమని నీకు ఎవరు చెప్పారు?

రాజుగారి దర్శనంతో మొదలు

ఇంగ్లండ్ తన యూదుల్ని 1290లో దేశం నుంచి వెళ్లగొట్టింది. మూడున్నర శతాబ్దాల తర్వాత, క్రామ్‌వెల్ కాలంలో, 1656 ప్రాంతంలో మళ్లీ అడుగు పెట్టనిచ్చింది. వచ్చారే కానీ హక్కులు అంతంతమాత్రం. విదేశంలో పుట్టిన యూదులు పౌరసత్వం తీసుకోడానికి వీలు కల్పిస్తూ 1753లో ఒక చట్టం చేస్తే, జనం ఎంత గొడవ చేశారంటే, పార్లమెంటు కొద్ది నెలల్లోనే దాన్ని రద్దు చేసుకుంది. ఆ దెబ్బ ఇంకా పచ్చిగా ఉండగానే 1760లో మూడో జార్జి గద్దెనెక్కాడు. కొత్త రాజుకి విధేయత తెలపాలి, ఎవరు వెళ్లాలి? లండన్‌లో స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న సెఫార్దీ యూదులు ఏడుగురు ‘డెప్యూటీల’ను ఎంచి పంపారు. మధ్య, తూర్పు ఐరోపా నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులు దీనికి నొచ్చుకున్నారు. మమ్మల్ని కలుపుకోకుండా యూదులందరి పేరు మీద ఎలా వెళ్తారని అడిగి, తామూ ఒక కమిటీ వేసుకున్నారు. తర్వాత ఉమ్మడి వ్యవహారాలొస్తే కలిసి కూర్చుందామని రెండు వర్గాలూ ఒప్పందానికి వచ్చాయి. అంటే సంస్థ పుట్టుకలోనే ఆ ప్రశ్న కూడా పుట్టింది.

మొదటి డెబ్బై ఏళ్లు బోర్డ్ పెద్దగా చేసిందేమీ లేదు. దానికి నిజమైన బలం 1836లో, ఎవరూ ఊహించని చోటి నుంచి వచ్చింది: పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ చట్టం. ఏ సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరం) జరిగిన పెళ్లి చట్టబద్ధంగా నమోదవ్వాలన్నా, ఆ సినగాగ్ కార్యదర్శిని బోర్డ్ అధ్యక్షుడు ధ్రువీకరించాలని ఆ చట్టం చెప్పింది. ఒక స్వచ్ఛంద సంఘానికి ప్రభుత్వం చేతికిచ్చిన ముద్ర అది. ఏది సినగాగో, ఏది కాదో చెప్పే అధికారం దాంతో పాటే దానికి దక్కింది.

ఆ అధికారాన్ని వాడటానికి సమయం త్వరగానే వచ్చింది. 1840ల మొదట్లో కొన్ని సంపన్న కుటుంబాలు సంప్రదాయ పూజావిధానాన్ని కొంత మార్చి వెస్ట్ లండన్ సినగాగ్ పెట్టుకున్నాయి. అప్పటి బోర్డ్ అధ్యక్షుడు మోజెస్ మాంటెఫియోరే, కరడుగట్టిన సంప్రదాయవాది. అది సినగాగే కాదు పొమ్మన్నాడు. విచిత్రమేమిటంటే ఆ కొత్త గుంపులో ఆయన సొంత బంధువులున్నారు. ఆ సినగాగ్ 1856లో నేరుగా పార్లమెంటుకి వెళ్లి తమ పెళ్లిళ్ల కోసం విడిగా చట్టం చేయించుకుంది. బోర్డ్‌లో వాళ్లకి చోటు దొరికింది 1886లో, మాంటెఫియోరే పోయిన మరుసటి ఏడాది.

మాంటెఫియోరే గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. మధ్యలో చిన్న చిన్న విరామాలు మినహా 1835 నుంచి 1874 దాకా ఆయనే అధ్యక్షుడు. నూరేళ్లు బతికాడు. 1840లో డమాస్కస్‌లో ఒక క్రైస్తవ సన్యాసి కనిపించకుండా పోతే, యూదులే రక్తం కోసం చంపారని నింద వేసి కొందరిని చిత్రహింసలు పెట్టారు. మాంటెఫియోరే ఫ్రాన్స్ నుంచి క్రెమ్యూ అనే లాయరుని వెంటబెట్టుకుని ఈజిప్టు వెళ్లి, అప్పట్లో డమాస్కస్‌ని కూడా ఏలుతున్న ముహమ్మద్ అలీ పాషాతో మాట్లాడి, బతికున్న ఖైదీల్ని విడిపించాడు. అప్పటినుంచి బోర్డ్ ఇంటి వ్యవహారాలకే పరిమితం కాకుండా విదేశాంగ విషయాల్లోనూ వేలు పెట్టడం మొదలైంది. పాలకుడి దగ్గరికి పలుకుబడిగల పెద్దమనిషి వెళ్లి, మెల్లగా మాట్లాడి, తనవాళ్లకి పని చేయించుకురావడం యూదు చరిత్రలో చాలా పాత పద్ధతి. మాంటెఫియోరే దాన్ని శిఖరానికి చేర్చాడు. ఆ పద్ధతిలో ఒక మెలిక ఉంది. పెద్దమనిషిని ఎవరూ ఎన్నుకోరు.

1917: ఆ 56 మంది ఎవరు?

మళ్లీ 1917కి వద్దాం. ఆ ఓటింగుని జియోనిస్టుల విజయమని చాలామంది రాస్తారు. అప్పుడు జియోనిస్టులు కూడా అలాగే ప్రచారం చేసుకున్నారు. కానీ ఓటేసిన 56 మందీ జియోనిస్టులు కారు. 1881 తర్వాత రష్యా సామ్రాజ్యంలో హింస తట్టుకోలేక లక్షమందికి పైగా యూదులు బ్రిటన్ వచ్చి స్థిరపడ్డారు. లండన్ ఈస్ట్ ఎండ్‌లో బట్టలు కుట్టుకుంటూ, లీడ్స్, మాంచెస్టర్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ యిడ్డిష్ మాట్లాడే ఆ జనానికి, బ్యాంకర్ల కుటుంబాల పెద్దలు క్లబ్బుల్లో కూర్చుని తమ తరఫున నిర్ణయాలు చేయడం నచ్చలేదు. జియోనిజం కన్నా ముందు అది పద్ధతి మీద కోపం. రాజధాని మీద మిగతా ఊళ్లకున్న కోపం, పాత డబ్బు మీద కొత్తవాళ్లకున్న కోపం, అన్నీ ఆ రోజు ఓటులో కలిశాయి.

ఆ తర్వాత నవంబరు 2న, పాలస్తీనాలో యూదుల జాతీయ నివాసానికి బ్రిటన్ మద్దతు తెలిపే బాల్ఫర్ డిక్లరేషన్ వచ్చింది. అప్పటికి మాంటేగు ఇండియా దారిలో ఉన్నాడు. ఆపలేకపోయాడు కానీ, ఆయనలాంటి వాళ్ల పోరు వృథా పోలేదు. పాలస్తీనాలో అప్పటికే ఉన్న యూదేతరుల పౌర, మత హక్కులకు, ఇతర దేశాల్లో యూదులు అనుభవిస్తున్న హక్కులకు, రాజకీయ హోదాకు భంగం కలగకూడదన్న షరతులు ఆ ఒక్క వాక్యంలోకి వచ్చి చేరాయి. రెండో షరతు సరిగ్గా మాంటేగు భయానికి జవాబు. మొదటి షరతులో ‘రాజకీయ’ అన్న మాట ఎందుకు లేదన్నది పాలస్తీనీయులు ఈనాటికీ అడుగుతున్న ప్రశ్న.

బోర్డ్ జియోనిస్టుల చేతిలోకి నిజంగా వెళ్లింది ఇంకో పాతికేళ్ల తర్వాత. 1940 నాటికి అధ్యక్షుడైన సెలిగ్ బ్రోడెట్‌స్కీ ఉక్రెయిన్‌లో పుట్టి, చిన్నప్పుడే ఈస్ట్ ఎండ్‌కి వచ్చి, గణితం ప్రొఫెసరైనవాడు. వలస వచ్చిన కుటుంబాల నుంచి ఆ పదవికి చేరిన మొదటి మనిషి. 1943లో జియోనిస్టులు ఒక పథకం ప్రకారం సినగాగ్‌ల ఎన్నికల్లో తమవాళ్లని గెలిపించుకుని బోర్డ్ కమిటీలన్నింట్లో పట్టు సాధించారు. అదే సమయంలో ఐరోపాలో ఏం జరుగుతోందో తలచుకుంటే, మాంటేగు వాదన ఎందుకు వినిపించకుండా పోయిందో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు బోర్డ్ నియమావళిలోనే ఇజ్రాయెల్ భద్రత, సంక్షేమం, ప్రతిష్ఠ కోసం చేయగలిగింది చేయాలన్న నిబంధన ఉంది. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ పని పడుతుంది.

ఈ రెండు ఘట్టాల మధ్య 1936 ఉంది. ఆ అక్టోబరు 4న ఓస్వాల్డ్ మోస్లీ తన ఫాసిస్టు నల్లచొక్కాల దళంతో ఈస్ట్ ఎండ్ మీదుగా ఊరేగింపు తీయబోతే, వేలాదిమంది జనం కేబుల్ స్ట్రీట్‌లో అడ్డుగోడలు కట్టి ఆపేశారు. యూదులు, ఐరిష్ రేవు కూలీలు, కమ్యూనిస్టులు అందరూ అందులో ఉన్నారు. బోర్డ్ ఇచ్చిన సలహా మాత్రం ఇళ్లలోనే ఉండండి, గొడవల్లోకి వెళ్లకండి అని. గోల చేస్తే యూదులంతా కమ్యూనిస్టులన్న ముద్ర పడుతుందని దాని భయం. పోలీసులతో, హోం శాఖతో మాట్లాడి పని చేయించుకోవచ్చని దాని నమ్మకం. దాన్ని పిరికితనమని కొట్టిపారేయను. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం యూనిఫాం వేసుకుని రాజకీయ ఊరేగింపులు చేయకుండా నిషేధిస్తూ చట్టం తెచ్చింది కూడా. కానీ ఈస్ట్ ఎండ్ జనం దృష్టిలో ఆ రోజు వీధిలో ఎవరున్నారన్నదే లెక్క. బోర్డ్ లేదు.

ఇప్పుడెలా నడుస్తుంది

బోర్డ్‌లో ఇప్పుడు దాదాపు 300 మంది డెప్యూటీలున్నారు. ఎక్కువమందిని సినగాగ్‌లు ఎన్నుకుని పంపుతాయి. విద్యార్థి సంఘం, యువజన సంఘాలు, సేవా సంస్థలు కూడా తమవాళ్లని పంపుతాయి. మూడేళ్ల పదవీకాలం. వీళ్లే అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఖర్చులో కొంత భాగం సినగాగ్ సభ్యుల నుంచి వచ్చే చందా. మతసంఘాల పేరు చెప్పుకుని ఎవరికి వాళ్లే నాయకులైపోయే రోజుల్లో, ఎన్నికలున్న సంస్థ ఇది అని బోర్డ్ గర్వంగా చెప్పుకుంటుంది. అందులో న్యాయం ఉంది.

అయితే ఈ జల్లెడలోంచి జారిపోయేవాళ్లు తక్కువేం కాదు. 2016 నాటి అధ్యయనం ప్రకారం ఏదో ఒక సినగాగ్‌లో సభ్యత్వమున్న యూదు కుటుంబాలు సగానికి కొంచెం ఎక్కువ, అంతే. ఏ సినగాగ్‌కీ వెళ్లని, ఏ సంఘంలోనూ లేని యూదుడికి ఇందులో ఓటు లేదు. సంపన్న దాతలు, పెద్ద సంస్థల అధిపతులు కలిసి 2003లో ‘జ్యూయిష్ లీడర్‌షిప్ కౌన్సిల్’ అని ఇంకోటి పెట్టుకున్నారు. ఎన్నికల గొడవ లేకుండా ప్రధానితో నేరుగా మాట్లాడొచ్చు కదా! మాంటెఫియోరే పద్ధతి కొత్త పేరుతో తిరిగొచ్చిందని ఎవరైనా అంటే కాదనడం కష్టం.

రోజువారీగా బోర్డ్ చేసే పనిలో చాలా భాగం వార్తల్లోకి రాదు. కోషర్ (యూదు మతనియమాలకు తగిన) మాంసం కోసం జంతువుని స్పృహ తప్పించకుండా కోసే పద్ధతిని నిషేధించాలన్న డిమాండు వచ్చినప్పుడల్లా మంత్రుల దగ్గరికి పరిగెత్తడం, మగపిల్లల సున్తీ మీద వచ్చే అభ్యంతరాలకు జవాబివ్వడం, యూదుల పండగ రోజున పరీక్ష పడితే తేదీ మార్పించడం, చనిపోయినవాళ్లని వీలైనంత త్వరగా ఖననం చేసేలా అధికారుల్ని ఒప్పించడం, ఇలాంటివి. ఈ విషయాల్లో ముస్లిం సంఘాలతో కలిసి పనిచేయాల్సి వస్తుంది కూడా, మాంసం చర్చలో ఇద్దరిదీ ఒకే ఇబ్బంది కాబట్టి. సినగాగ్‌ల భద్రత చూసే పని ‘కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్’ అనే విడి సంస్థది. 2025 అక్టోబరు 2న, యూదులకు అతి పవిత్రమైన యోమ్ కిప్పూర్ రోజున, మాంచెస్టర్‌లోని ఒక సినగాగ్ మీద దాడి జరిగి ఇద్దరు చనిపోయారు. అలాంటి రోజున ప్రభుత్వంతో, పోలీసులతో, టీవీలతో మాట్లాడటానికి ఒక సంస్థంటూ ఉండాలి. ఇజ్రాయెల్ విషయంలో బోర్డ్‌ని ఏకిపారేసేవాళ్లు కూడా దీన్ని కాదనరు.

లాబీ అన్న మాట

ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 జనాభా లెక్కల్లో తమ మతం యూదు అని రాయించుకున్నవాళ్లు దాదాపు 2,71,000. అంటే జనాభాలో అర శాతం. హిందువులు అక్కడ పది లక్షలు దాటారు, ముస్లింలు 39 లక్షలకు దగ్గరగా ఉన్నారు. యూదుల ఓటు ఫలితాన్ని తిప్పగలిగే నియోజకవర్గాలు ఉత్తర లండన్‌లో ఫించ్లీ, హెండన్ ప్రాంతాలు, మాంచెస్టర్ పక్కన బరీ సౌత్, అలా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బోర్డ్ అభ్యర్థుల ఎన్నికల ఖర్చు భరించదు, ఫలానా పార్టీకి ఓటేయండని చెప్పదు.

ఇక్కడే చాలామంది అమెరికాతో కలగాపులగం చేస్తారు. అక్కడి ఐపాక్ వేరే రకం సంస్థ. అమెరికా–ఇజ్రాయెల్ సంబంధాల కోసమే పుట్టిన లాబీ అది, యూదుల ప్రతినిధిననే చెప్పుకోదు, ఈమధ్య అభ్యర్థులకు నేరుగా డబ్బు కూడా సమకూరుస్తోంది. (అమెరికాలో భారతీయులు రాజకీయ లాబీయింగ్ మొదలుపెట్టినప్పుడు నమూనాగా చూసింది దాన్నే.) అమెరికా యూదులందరికీ కలిపి ఒకే ప్రతినిధి సంస్థ అక్కడ లేదు. ఐరోపాలో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో క్రిఫ్ జర్మన్ ఆక్రమణ కాలంలో రహస్యంగా పుట్టింది. అది ఏటా ఇచ్చే విందుకి దేశాధ్యక్షుడో ప్రధానో వెళ్లడం 1985 నుంచీ ఆనవాయితీ. జర్మనీలో 1950లో ఏర్పడిన కేంద్ర మండలితో ప్రభుత్వం 2003లో ఒప్పందమే రాసుకుని ఏటా నిధులిస్తోంది. బోర్డ్‌ని వీటి పక్కన పెట్టి చూడాలి, ఐపాక్ పక్కన కాదు.

మరి తెర వెనక నుంచి ఆడించడం సంగతి? యూదులు రహస్యంగా ప్రభుత్వాల్ని నడుపుతారన్నది శతాబ్దాల నాటి అబద్ధం, దానివల్ల పోయిన ప్రాణాలకు లెక్కలేదు. సిద్ధాంతం పక్కన పెట్టి మొన్నమొన్నటి రికార్డే చూడండి. 2024 సెప్టెంబరులో లేబర్ ప్రభుత్వం ఇజ్రాయెల్‌కి ఆయుధాల ఎగుమతి లైసెన్సుల్లో దాదాపు 30 నిలిపేసింది, బోర్డ్ వద్దన్నా. 2025 సెప్టెంబరు 21న పాలస్తీనాని దేశంగా గుర్తించింది, బోర్డ్ వద్దన్నా. తలుపు తట్టగానే తెరుచుకుంటుంది నిజమే. లోపల అడిగింది దొరుకుతుందన్న నమ్మకం లేదు.

తలుపు ఎందుకు తెరుచుకుంటుంది? ప్రభుత్వానికి కూడా అవసరం కాబట్టి. రెండున్నర లక్షల మందితో మంత్రి మాట్లాడలేడు, ఒక ఫోన్ నంబరు కావాలి. ముస్లింల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. 1990ల్లో మీరంతా ఒక సంస్థగా రండి, మాట్లాడదాం అని ప్రభుత్వమే ప్రోత్సహిస్తే, బోర్డ్‌ని నమూనాగా పెట్టుకుని 1997లో ‘ముస్లిం కౌన్సిల్ ఆఫ్ బ్రిటన్’ పుట్టింది. గాజా గురించి ఆ సంస్థ నాయకుడొకరు సంతకం పెట్టిన ప్రకటన నచ్చక 2009లో ప్రభుత్వమే దానితో మాటలు మానేసింది. ప్రతినిధిగా గుర్తించేది సమాజం ఒక్కటే కాదన్నమాట. గుర్తింపు ఇచ్చేదీ, లాక్కునేదీ ప్రభుత్వం కూడా. తానా అధ్యక్షుడు ఒక మాటంటే అమెరికాలో తెలుగువాళ్లంతా అన్నట్టేనా అని మనం నవ్వుకుంటాం కానీ, వాషింగ్టన్‌లో ఎవరికైనా తెలుగువాళ్ల అభిప్రాయం కావలసొస్తే ముందు ఫోన్ వెళ్లేది అక్కడికే.

లేబర్‌తో పోరు

బోర్డ్ పేరు ప్రపంచమంతా తెలిసింది 2018లో. జెరెమీ కార్బిన్ అప్పట్లో లేబర్ పార్టీ నాయకుడు, పాలస్తీనా ఉద్యమంలో దశాబ్దాలుగా ఉన్నవాడు. ఆయన వచ్చాక పార్టీలో యూదు ద్వేషపు మాటలు పెరిగాయని, ఫిర్యాదులు పట్టించుకోవడం లేదని ఆరోపణలు. లండన్‌లో గతంలో గీసిన ఒక కుడ్యచిత్రం, పెద్ద ముక్కుల బ్యాంకర్లు పేదల వీపుల మీద బల్ల వేసుకుని ఆడుకుంటున్నట్టుండేది, దాన్ని చెరపడాన్ని 2012లో కార్బిన్ ప్రశ్నించిన సంగతి మార్చిలో పెద్ద వివాదమైంది. చిత్రాన్ని సరిగా చూడలేదని ఆయన విచారం వ్యక్తం చేశాడు. మార్చి 26న బోర్డ్, లీడర్‌షిప్ కౌన్సిల్ కలిసి ‘ఇక చాలు’ అన్న నినాదంతో పార్లమెంటు ముందు ప్రదర్శన పెట్టాయి. 1936లో ఇంట్లో ఉండమన్న సంస్థ ఈసారి తానే జనాన్ని వీధిలోకి పిలిచింది.

తర్వాతి గొడవ యూదు వ్యతిరేకతకు అంతర్జాతీయ సంస్థ ఐహెచ్ఆర్ఏ ఇచ్చిన నిర్వచనం గురించి. నిర్వచనం చిన్నదే. దానికింద ఇచ్చిన ఉదాహరణల్లో కొన్ని ఇజ్రాయెల్‌కి సంబంధించినవి, తగువు వాటి మీద. ఇవి ఇజ్రాయెల్‌ని విమర్శించేవాళ్ల నోరు నొక్కుతాయని ఒక వర్గం, విమర్శకి అడ్డులేదని నిర్వచనంలోనే ఉంది కదా అని ఇంకో వర్గం. సెప్టెంబరులో లేబర్ మొత్తంగా ఒప్పుకుంది. 2020 అక్టోబరు 29న సమానత్వ, మానవ హక్కుల కమిషన్ తన నివేదికలో, వేధింపు, వివక్షకు సంబంధించిన చట్టవిరుద్ధ చర్యలకు పార్టీ బాధ్యురాలని తేల్చింది. సమస్య ఉంది కానీ దాని పరిమాణాన్ని ప్రత్యర్థులు, మీడియా విపరీతంగా పెంచారని కార్బిన్ అదే రోజు అన్నాడు. అదే రోజు సస్పెండ్ అయ్యాడు.

చట్టపరమైన సంస్థ విచారణలో తేలింది కాబట్టి బోర్డ్ ఫిర్యాదు కల్పితమని ఇక ఎవరూ అనలేరు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది మాత్రం వేరే కాగితం. 2020 జనవరిలో లేబర్ నాయకత్వానికి పోటీపడుతున్న అభ్యర్థుల ముందు బోర్డ్ పది హామీల పత్రం పెట్టింది. అందులో ఒకటి: యూదు సమాజంతో పార్టీ ఏం మాట్లాడినా ప్రధాన ప్రతినిధి సంస్థల ద్వారానే మాట్లాడాలి, అంచున ఉన్న గుంపుల ద్వారా కాదు. కార్బిన్ పక్షాన నిలబడిన యూదు సభ్యుల సంఘం ఒకటి అప్పట్లో పార్టీలో ఉండేది, దాన్ని పక్కన పెట్టమని అర్థం. యూదు ద్వేషాన్ని అరికట్టమని అడగడం ఒకటి. ఏ యూదులతో మాట్లాడాలో కూడా మేమే చెబుతామనడం ఇంకొకటి. రెండోది 1840ల్లో ఏది సినగాగో మేమే చెబుతామన్న మాంటెఫియోరే గొంతు. ఆ పోటీలో గెలిచిన కీర్ స్టార్మర్ ఆ పత్రాన్ని ఒప్పుకున్నాడు.

36 సంతకాలు

బ్రిటన్ యూదులకు ఇజ్రాయెల్ అంటే ఏమిటన్నది 2015లో ఒక విశ్వవిద్యాలయం సర్వే చేసింది. తమ గుర్తింపులో ఇజ్రాయెల్‌కి ఏదో ఒక చోటుందని నూటికి 93 మంది చెప్పారు. వెస్ట్ బ్యాంకులో సెటిల్‌మెంట్లు పెంచుకుంటూ పోవడం శాంతికి పెద్ద ఆటంకమని నూటికి 75 మంది చెప్పారు. ఈ రెండు అంకెల్నీ కలిపి చదివితే కానీ చిత్రం కుదరదు. ఇజ్రాయెల్‌ని ప్రేమిస్తూనే దాని ప్రభుత్వాన్ని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. అలాంటివాళ్ల సంస్థ ‘యాఖాద్’ని 2014లో పెద్ద వాదన తర్వాత బోర్డ్ లోపలికి రానిచ్చింది.

2023 అక్టోబరు 7న హమాస్ చేసిన ఊచకోత, దాని తర్వాత గాజా విధ్వంసం ఈ సర్దుబాటుని చీల్చేశాయి. 2025 ఏప్రిల్ మధ్యలో 36 మంది డెప్యూటీలు ‘ఫైనాన్షియల్ టైమ్స్’ పత్రికలో బహిరంగ లేఖ ప్రచురించారు. కాల్పుల విరమణని భగ్నం చేసి ఇజ్రాయెల్ ప్రభుత్వం మళ్లీ యుద్ధానికి దిగడం తప్పని, బందీల్ని విడిపించింది దౌత్యమే తప్ప యుద్ధం కాదని, దీన్ని చూస్తూ మౌనంగా ఉండలేమని రాశారు. బోర్డ్ స్పందన వేగంగా వచ్చింది. సంతకం చేసినవాళ్లలో ఒక పదాధికారిని వెంటనే సస్పెండ్ చేసి, 36 మంది మీదా క్రమశిక్షణ విచారణ పెట్టింది. చివరికి కొందరికి సస్పెన్షన్, మిగతావాళ్లకి మందలింపు. అధికారికంగా వాళ్ల నేరం అభిప్రాయం కాదు. ఆ లేఖ బోర్డ్ అభిప్రాయమని జనం పొరబడేలా రాశారన్నది అభియోగం. కొన్ని పత్రికలు నిజంగానే అలా రాశాయి కూడా.

బోర్డ్ వాదనని తేలిగ్గా తీసెయ్యలేం. 300 మందిలో 36 మంది సంస్థ పేరు మీద మాట్లాడితే మిగతావాళ్లు ఊరుకోవాలా? 1917లో అలెగ్జాండర్‌ని సాగనంపింది ఇదే కారణంతో కదా. కానీ ఒక తేడా ఉంది. అలెగ్జాండర్ అధ్యక్షుడు, సంస్థ మాటని తన చేతిలో పెట్టుకున్నవాడు. ఈ 36 మంది తమ పేర్లు, హోదా రాసుకుని సంతకం పెట్టిన మామూలు సభ్యులు. తమ సినగాగ్‌ల వాళ్లు చాలామంది ఇలాగే అనుకుంటున్నారని వాళ్లు చెప్పుకున్నారు. ఎన్నుకుని పంపిన మనిషి ఎన్నుకున్నవాళ్ల మాట చెబితే శిక్షిస్తే, అది ప్రతినిధుల సభా లేక ప్రెస్ నోట్లు ఇచ్చే ఆఫీసా? నియమావళిలో ఇజ్రాయెల్ ప్రతిష్ఠ గురించి రాసుకున్న ఆ వాక్యం ఇక్కడే పీకకు చుట్టుకుంటుంది. ప్రతిష్ఠ పెంచడమంటే ప్రభుత్వాన్ని సమర్థించడమా, దారి తప్పినప్పుడు చెప్పడమా అన్నది అందులో రాయలేదు.

గొడవపడేవాళ్లు కనీసం లోపలున్నారు. అసలు లోపలే లేనివాళ్ల సంగతి ముందు ముందు పెద్దది కాబోతోంది. అతి సంప్రదాయవాదులైన హరేదీ యూదుల ప్రధాన సంఘం 1971లోనే బోర్డ్ నుంచి బయటికి వచ్చేసింది. మతవిషయాల్లో సంస్కరణవాద రబ్బీలని (యూదు మతగురువులని) కూడా సంప్రదించాలన్న నియమం దానికి మింగుడుపడలేదు. అప్పట్లో వాళ్లు లండన్ స్టామ్‌ఫర్డ్ హిల్‌లో, గేట్స్‌హెడ్‌లో ఉండే చిన్న గుంపు. పెద్ద కుటుంబాలు కాబట్టి ఇప్పుడు బ్రిటన్ యూదుల్లో దాదాపు నాలుగోవంతు ఉన్నారు. 2031 నాటికి పుట్టే యూదు పిల్లల్లో సగంమంది హరేదీలే అవుతారని యూదు జనాభా పరిశోధకులు అంచనా వేశారు. వీళ్లలో చాలామందికి జియోనిజం మతపరంగా అంగీకారం కాదు, లేబర్ పార్టీ లోపలి తగువులు పట్టవు. వీళ్ల ఆందోళన అంతా మగపిల్లలు రోజంతా మతగ్రంథాలు చదివే యెషీవాల మీద ప్రభుత్వం తెస్తున్న రిజిస్ట్రేషన్ నిబంధనల గురించి. ఆ పని కోసం వీళ్లు బోర్డ్ దగ్గరికి వెళ్లరు. సొంత కౌన్సిలర్లున్నారు, సొంత లాయర్లున్నారు, మంత్రిత్వ శాఖ ఫోన్ నంబరు కూడా వాళ్ల దగ్గర ఉంది.